శుభలేఖలో సన్నగీత: కార్మొరాంట్ గారమాండ్ ఫాంటుపై ఒక కేస్ స్టడీ

పని వివరం ఇది. 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల పొడవున్న పెళ్లి పత్రిక, 300 కాపీలు. పై కార్డు దంతం రంగులో 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) గరుకు కాగితం, దాని మీద వధూవరుల పేర్లు ఇంగ్లిషులో బంగారు ఫాయిల్ (వేడితో అంటించే పలచటి రేకు). లోపల 120 జీఎస్‌ఎం షీట్లు రెండు: ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లిషు. రెంటికీ మెరూన్ రంగొక్కటే, స్క్రీన్ ప్రింటింగ్. ఇంగ్లిషుకు కార్మొరాంట్ గారమాండ్ లైట్ కావాలని పెళ్లివారే అడిగారు, ఫోనులో ఎక్కడో చూసి.

మొదటి ప్రూఫు మూడు చోట్ల చెడింది. ఫాయిల్ పేర్లలో సన్నగీతలు తెగిపోయి, అక్షరాల స్థానంలో నిలువు కడ్డీలు మిగిలాయి. ఇంగ్లిషు షీటులో 9 పాయింట్లలో పెట్టిన కల్యాణ మండపం చిరునామా చుక్కలు చుక్కలుగా వచ్చింది. ఇక తెలుగు షీటునీ ఇంగ్లిషు షీటునీ పక్కపక్కన పెడితే, రెండు వేర్వేరు పెళ్లిళ్ల కాగితాలు పొరపాటున ఒకే కవరులో పడ్డట్టున్నాయి.

ఇలాంటప్పుడు ప్రెస్సులో వెంటనే వినిపించే మాట, "ఈ ఫాంటు ప్రింటుకి పనికిరాదండీ, టైమ్స్ పెట్టేద్దాం" అని. ఫాంటులో దోషం లేదు. తెర మీద నచ్చిందని ఎంచుకుని, అచ్చు సంగతి చివర్లో ఆలోచించడమే దోషం. ఇలాంటి నాజూకు అక్షరానికి పని వరస తిరగెయ్యాలి. ముందు అందులోని అతి సన్నగీత ఎంత మందమో కొలవాలి. సైజు, అచ్చు పద్ధతి, కాగితం, పక్కన కూర్చోబెట్టే తెలుగు ఫాంటు, అన్నీ ఆ కొలత మీద తేలతాయి.

ఈ అక్షరం తీరు

కార్మొరాంట్ అంటే నీటికాకి. చెరువులో మునిగి చేపను పట్టి, గట్టున రెక్కలు ఆరబెట్టుకునే నల్లపిట్ట. స్విట్జర్లాండ్ డిజైనర్ క్రిస్టియన్ థాల్మన్ గీసిన ఈ ఫాంటు కుటుంబం 2015లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. మూలం 16వ శతాబ్దంలో పారిస్‌లో అచ్చక్షరాలు చెక్కిన క్లోద్ గారమాండ్ పని. ఆయన 1561లో చనిపోయాడు. ఆయన చెక్కిన ఉక్కు పంచ్‌లు (అక్షరం మొహర్లు), వాటితో కొట్టిన మాత్రికలు (అక్షరాన్ని పోతపోసే అచ్చులు) ఆంట్‌వెర్ప్‌లోని ప్లాంటిన్-మోరెటస్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

పేరులో గారమాండ్ ఉంది కదా అని పుస్తకం లోపలి పేజీలకు వాడేస్తే అక్కడే దెబ్బ. గారమాండ్ అక్షరాలు చదువుకునే పాఠం కోసం పుట్టినవి. కార్మొరాంట్ వాటి అందాన్ని తీసుకుని పెద్ద సైజుకోసం సాగదీసి, పదునుపెట్టిన రూపం. ఒక అక్షరాన్ని పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది. చిన్న బడి ఈ (e) అక్షరంలో పైనుండే గది మరీ ఇరుకు, దాని అడ్డగీత వెంట్రుక మందం. చిన్న బడి ఏ (a) అక్షరం పొట్ట కూడా అంతే, లోపల చోటు చాలా తక్కువ. అక్షరాల మొండెం పొట్టి, పైకి లేచే కాడలు మాత్రం పొడుగు. ఆ పొడుగూ పొట్టీ తేడాలోనే హుందాతనం పుట్టింది. సెరిఫ్‌లు, అంటే గీతల కొసలకుండే చిన్న పాదాలు, కత్తిమొనలా తేలతాయి. క్యాపిటల్ ఏ (A) కొప్పు దగ్గర మొన సూదిలా ఉంటుంది. పెద్దగా చూస్తే ఇవన్నీ ముచ్చటేస్తాయి. చిన్న సైజులో అవే ముందు పోతాయి.

కుటుంబంలో రకాలు తొమ్మిది, వెయిట్లు (లైట్ నుంచి బోల్డ్ దాకా లావు మెట్లు) ఐదు, మొత్తం 45 ఫైళ్లు. పని చేసేవాళ్లకు తెలియాల్సిన తేడాలు కొన్నే. మామూలు కార్మొరాంట్ కంటే కార్మొరాంట్ గారమాండ్‌లో అక్షరాల లోపలి ఖాళీలు కాస్త పెద్దవి. అందుకే అచ్చుకు ఎప్పుడూ రెండోదే మేలు. ఇన్‌ఫాంట్ అనే రకంలో ఏ, జీ అక్షరాలు బడిపిల్లలు రాసే తీరులో ఒంటిగదివి. అప్‌రైట్ అనేది ఇటాలిక్‌ని, అంటే వాలు అక్షరాన్ని, నిటారుగా నిలబెట్టినట్టుంటుంది, ఒకటి రెండు మాటలకు బాగుంటుంది. యూనికేస్ చిన్నా పెద్దా అక్షరాల రూపాలను కలిపేస్తుంది. పెళ్లి పత్రికలో దానికి పని లేదు, లోగోలకు వదిలెయ్యొచ్చు.

గారమాండ్ వారసత్వంలోనే ఇంకో ఉచిత ఫాంటు ఇబి గారమాండ్. గేయార్గ్ డఫ్నర్ చేసినది. 1592లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎగెనాల్ఫ్-బెర్నర్ అచ్చుశాల వేసిన నమూనా కాగితం ఆధారం. అందులో నిలువు అక్షరాలు గారమాండ్‌వి, ఇటాలిక్ రోబేర్ గ్రాంజోన్‌ది. అచ్చయిన కాగితాన్ని చూసి చేసిన ఫాంటు కాబట్టి, సిరా కాగితంలోకి దిగి గీత కొంచెం ఒళ్లు చేసిన తీరు దానిలో మిగిలింది. అదే మనకు పనికొచ్చే గుణం. ఈ కేసులో చిన్న సైజు పాఠమంతా చివరకు దీనికే వెళ్లింది.

సన్నగీత లెక్క

కొలిచే పద్ధతి తేలిక. కోరల్‌డ్రాలోగానీ ఇంక్‌స్కేప్‌లోగానీ 1000 పాయింట్ల సైజులో చిన్న బడి ఈ (e), క్యాపిటల్ హెచ్ (H), క్యాపిటల్ ఏ (A) కొట్టి, కర్వ్స్‌గా (మామూలు గీతల బొమ్మగా) మార్చాలి. e, H ల అడ్డగీతలు, A ఎడమ వాలుగీత ఎంత మందమో పాయింట్లలో కొలవాలి. 1000 పాయింట్ల సైజు కాబట్టి ఎన్ని పాయింట్లు వస్తే ఆ గీత సైజులో వెయ్యింట అన్ని వంతులు. అన్నింటిలో తక్కువదాన్ని తీసుకోవాలి.

ఒక పాయింటు 0.3528 మిల్లీమీటర్లు. కాబట్టి సన్నగీత మందం = సైజు × 0.3528 × కొలత ÷ 1000. లెక్క చూపడానికి కొలత 25 అనుకుందాం. మీరు వాడే ఫైలులో, వాడే వెయిట్‌లో కొలిచిన అంకెనే మీరు వేసుకోవాలి. 25 లెక్కన 9 పాయింట్లలో గీత 0.08 మి.మీ., 18 పాయింట్లలో 0.16, 24 పాయింట్లలో 0.21, 30 పాయింట్లలో 0.26.

ఇప్పుడు దీన్ని అచ్చు పద్ధతి పక్కన పెట్టాలి. ఒకే రంగు ఆఫ్‌సెట్ మంచి ప్లేటు మీద 0.09 మి.మీ. గీతను నిలబెడుతుంది. స్క్రీన్ ప్రింటింగ్‌కు 0.15 లోపు వెళ్లకూడదు. నున్నటి కాగితం మీద ఫాయిల్‌కు 0.2, గరుకు కాగితమైతే 0.25 చూసుకోవాలి. ముదురు రంగు నేపథ్యంలోంచి తెల్లగా వదిలే అక్షరానికి ఆఫ్‌సెట్‌లో కూడా రెట్టింపు కావాలి. అక్కడ సిరా చుట్టుపక్కల నుంచి పాకి తెల్లగీతనే మింగుతుంది కాబట్టి. ఇవి ప్రెస్సును బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ, 9 పాయింట్ల లైట్ స్క్రీన్ ప్రింటింగ్‌లో ఎందుకు బతకలేదో లెక్కే చెప్పేస్తోంది. కావాల్సింది 0.15, ఉన్నది అందులో సగం.

స్క్రీను మీద ఏం జరిగింది

అడ్డు తగిలినవి మూడు, ఒకదాని మీద ఒకటి.

మొదటిది పాజిటివ్, అంటే అక్షరాల రూపాన్ని స్క్రీను మీదికి దింపడానికి వాడే పారదర్శక షీటు. చిన్న ప్రెస్సుల్లో ఫిల్మ్ తీయకుండా బటర్ పేపర్ మీద లేజర్ ప్రింటు తీసి దాన్నే పాజిటివ్‌గా వాడతారు. పెద్ద అక్షరాలకు ఇబ్బంది లేదు. సన్నగీతల దగ్గర టోనర్ పలచగా పడుతుంది, వెలుగుకు ఎత్తి పట్టుకుంటే గీతలో సూదిరంధ్రాలు కనిపిస్తాయి. ఎక్స్‌పోజ్ చేసినప్పుడు వెలుగు ఆ రంధ్రాల్లోంచి దిగి, తెరుచుకోవాల్సిన చోట ఎమల్షన్‌ను (స్క్రీనుకు పూసే, వెలుగు తగిలితే గట్టిపడే పూతను) గట్టిపరుస్తుంది.

రెండోది వెలుగు పక్కకు పాకడం. తెల్ల మెష్ (స్క్రీనుకు బిగించే జాలి గుడ్డ) దారాలు వెలుగును చెదరగొడతాయి. ఎక్స్‌పోజర్ ఒక్క నిమిషం ఎక్కువైనా వెలుగు గీత అంచుల కిందికి రెండు వైపుల నుంచీ దూరుతుంది. లావు గీత రెండు వైపులా కాస్త కోల్పోయినా గీతగానే ఉంటుంది. వెంట్రుక గీతకు అంత కోల్పోతే మిగిలేదేమీ లేదు. పసుపు రంగు మెష్ వాడితే ఈ చెదరడం బాగా తగ్గుతుంది. ఎక్స్‌పోజర్ సమయం కూడా అలవాటు మీద కాకుండా పరీక్ష మీద తేల్చాలి. స్క్రీనును నాలుగు పట్టీలుగా చేసి, అట్టముక్క జరుపుతూ నాలుగు వేర్వేరు సమయాలు ఇచ్చి కడిగితే ఏ పట్టీలో ఈ (e) అక్షరం అడ్డగీత పూర్తిగా తెరుచుకుందో కంటికే తెలుస్తుంది.

మూడోది మెష్. సెంటీమీటరుకు 120 దారాల మెష్‌లో ఒక దారం, ఒక కన్ను కలిపితే 0.083 మి.మీ. 0.08 గీతకు దాదాపు ఒక్క కన్నే దక్కుతుంది. అదీ దారం మీద పడకపోతే. పడితే ఆ మేర సిరా దిగదు. చుక్కలు చుక్కలుగా రావడానికి అసలు కారణం ఇదే, స్క్వీజీ (సిరాను తోసే రబ్బరు పలక) పట్టిన చేతిది కాదు. ఇంకో మాట: బంగారు, వెండి స్క్రీన్ సిరాల్లో లోహపు పొడి ఉంటుంది, వాటికి ఇంతకంటే వెడల్పు కన్నుల మెష్ కావాలి. కాబట్టి బంగారు సిరాతో స్క్రీన్ ప్రింటింగ్, కార్మొరాంట్ లైట్, రెండూ ఒకే కార్డులో కుదిరేవి కావు.

ఇవన్నీ సరిచేసినా 9 పాయింట్లు రావు. అందుకే లోపలి రెండు షీట్లనూ స్క్రీన్ నుంచి తప్పించి ఒకే రంగు ఆఫ్‌సెట్‌కు మార్చాం. 300 కాపీలకు ప్లేటు ఖర్చు కాస్త బరువే, కానీ తెలుగుకూ ఇంగ్లిషుకూ కలిపి ఒకే ప్లేటు మీద పక్కపక్కన వేసి తరవాత కత్తిరిస్తే ఒక్క ప్లేటుతో పోతుంది.

ఆఫ్‌సెట్ అనగానే ఇంకో ఉచ్చు. ఆపరేటరు మెరూన్‌ను నాలుగు రంగుల మిశ్రమంగా ఇచ్చాడనుకోండి, ఆ రంగు చుక్కలుగా విడిపోతుంది. అంగుళానికి 175 లైన్ల చుక్కల స్క్రీనులో ఒక చుక్క గడి 0.145 మి.మీ. చిన్న సైజు అక్షరం సన్నగీత ఆ గడి కంటే సన్నం. అంచులు రంపపు పళ్లలా వస్తాయి, పైగా నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుక వాసి జరిగినా గీత పక్కన రంగు నీడ పడుతుంది. మెరూన్‌ను కలిపి తయారుచేసిన ఒకే సిరాగా, నూటికి నూరు శాతం ఘనంగా వేయించాలి. లేత రంగు కావాలంటే లేత సిరా కలపాలి తప్ప, ముదురు సిరాకు 40 శాతం టింట్ (చుక్కలతో లేతగా చూపించడం) ఇవ్వకూడదు.

ఫాయిల్ పేర్లు

గరుకు కాగితం అంటే గుట్టలూ గుంటలూ. వేడి బ్లాకు గుట్టల్ని తాకి ఫాయిల్‌ను అంటిస్తుంది, గుంటల మీదుగా దాటిపోతుంది. లావు గీతకు అటూ ఇటూ ఆసరా ఉంటుంది కాబట్టి ఫాయిల్ వంతెనలా నిలుస్తుంది. సన్నగీత తెగుతుంది. తెగింది కదా అని ఒత్తిడి పెంచితే, వేడి పెంచితే, ఈసారి రెండో రోగం: చిన్న ఈ, చిన్న ఏ లోపలి గదులు బంగారంతో పూడుకుపోతాయి. మొదటి ప్రూఫులో తెగింది, ప్రెస్సు సరిచేసి పంపిన రెండో ప్రూఫులో పూడింది. ఈ రెంటి మధ్య సరైన ఒత్తిడి అంటూ ఒకటి ఉంటుందని వెతుక్కుంటూ కార్డులు పాడుచేయడం కంటే అక్షరం మార్చడం నయం.

పరీక్షకు సత్యనారాయణ అనే పేరు పెట్టుకుంటే మంచిది, ఆ పేరు మీ కార్డులో లేకపోయినా సరే. ఇంగ్లిషులో రాస్తే 13 అక్షరాలు, అందులో ఆరు ఏ (a) లే. తెలుగు పేర్లు ఇంగ్లిషు లిపిలోకి వెళ్తే ఇదే పరిస్థితి, ప్రతి గుణింతానికీ ఒక ఏ. ఫ్రెంచి మాటకో ఇంగ్లిషు మాటకో ఒకటి రెండు ఇరుకు పొట్టలు ఉంటే, మన పేరుకు ఆరు. నమూనా చిత్రాల్లో చూసిన అందం మన పేర్లలో రాకపోవడానికి సగం కారణం ఇది. ఆరింటిలో ఒక్క పొట్ట పూడినా కన్ను అక్కడికే పోతుంది.

అదే పేరు అన్నీ క్యాపిటల్స్‌లో పెడితే పొట్టల బాధ తప్పుతుంది గానీ, ఏ-టీ-వై-ఏ, ఏ-వై-ఏ అని వాలుగీతల వరస మొదలవుతుంది. టీ పక్కన వై, వై పక్కన ఏ. మధ్య ఖాళీలు ఒకచోట ఇరుకు, ఒకచోట గుమ్మమంత. ఫాంటులో కెర్నింగ్ (జంట అక్షరాల మధ్య ఖాళీ సర్దుబాటు) ఉంది, పని చేస్తుంది, కానీ పేరు 30 పాయింట్లు దాటాక చేత్తో సర్దక తప్పదు. పద్ధతి: ముందు మొత్తానికి 60 నుంచి 80 యూనిట్ల ట్రాకింగ్ (అన్ని అక్షరాల మధ్య సమానంగా పెంచే ఖాళీ) ఇచ్చి, పేరును తలకిందులు చేసి చూడాలి. చదవడం ఆగి ఖాళీలు కనిపిస్తాయి. ఎన్-ఏ మధ్య ఉన్నంత ఖాళీ వై-ఏ మధ్య కనిపించేదాకా దగ్గరికి లాగాలి. ప్రసాద్, లావణ్య లాంటి పేర్లకు ఇంత పని ఉండదు, లావణ్యలో ఏ-వీ-ఏ, వై-ఏ దగ్గర ఒక్కసారి చూస్తే చాలు.

చివరకు నిలిచింది: చిన్న, పెద్ద అక్షరాలు కలిసిన రూపం, మీడియం వెయిట్, 36 పాయింట్లు, ట్రాకింగ్ 10. మెగ్నీషియం బ్లాకు బదులు రాగి బ్లాకు. కాగితాన్ని ముందు ఫాయిల్ లేకుండా అదే బ్లాకుతో ఒకసారి ఒత్తి గరుకును అణచి, రెండో దెబ్బకు ఫాయిల్ వేశారు. రెండు దెబ్బలూ ఒకేచోట పడాలి కాబట్టి కార్డును ఆనించే గైడ్లు కదలకూడదు. ఇద్దరి పేర్ల మధ్య ఇటాలిక్ ఆంపర్‌సాండ్ (& గుర్తు) ఒక్కటే 54 పాయింట్లలో. ఈ కుటుంబం మొత్తంలో చూడముచ్చటైన గుర్తు అదే. "వెడ్స్" అనే మాట రాయాల్సిన అవసరం తప్పింది.

వెయిట్ పెంచితే సరిపోతుందా

పూర్తిగా సరిపోదు, దీన్ని చాలామంది పట్టించుకోరు. లావు సన్నాల తేడా ఎక్కువున్న అక్షరంలో లైట్ నుంచి బోల్డ్‌కు వెళ్తే లావెక్కేది ప్రధానంగా నిలువు గీత. అడ్డగీత నామమాత్రంగా పెరుగుతుంది. తెగే గీత తెగుతూనే ఉంటుంది, పైగా లోపలి ఖాళీ ఇంకా ఇరుకవుతుంది. గీత బలపడాలంటే సైజు పెంచడం, లేదా తేడా తక్కువున్న ఫాంటుకు మారడం, ఈ రెండే నికరమైన దారులు. లైట్ నుంచి మీడియం దాకా ఒక మెట్టో రెండో ఎక్కడం మూడోది, దానికీ మళ్లీ కొలిచి చూడాలి.

కోరల్‌డ్రాలో అక్షరానికి సన్న ఔట్‌లైన్ తగిలించి లావు చేయడం మన దగ్గర బాగా అలవాటు. 0.1 మి.మీ. ఔట్‌లైన్ ఇస్తే అంచుకు బయట సగం, లోపల సగం పడుతుంది. 0.09 గీత 0.19 అయిందని సంతోషించేలోపు ఈ (e) అక్షరం గది కూడా 0.1 తగ్గిపోయి ఉంటుంది, కత్తిమొన సెరిఫ్‌లు మొండి కొసలవుతాయి. నీటికాకి కాస్తా బాతు అవుతుంది. సాఫ్ట్‌వేరులో బీ బటన్ నొక్కి తెచ్చే దొంగ బోల్డ్‌దీ ఇదే కథ. అసలు బోల్డ్ ఫైలు ఇన్‌స్టాల్ అయి ఉందో లేదో ఫాంటు జాబితాలో చూసుకోవాలి.

పక్కన తెలుగు

కార్మొరాంట్‌లో తెలుగు లేదు. కాబట్టి జోడీ వెతకాలి, అదే ఈ పనిలో కష్టమైన భాగం. రోమన్ అక్షరంలో లావు సన్నాలు పాళీ పట్టిన కోణం నుంచి వచ్చాయి. తాటాకు మీద గంటంతో గీసే గీతకు ఆ తేడా లేదు, తెలుగు అచ్చు అక్షరాలు చాలావరకు ఒకే మందంలో గుండ్రంగా నడుస్తాయి. ఒకే మందపు తెలుగు పక్కన వెంట్రుక గీతల ఇంగ్లిషు పెడితే తెలుగు నల్లగా, మోటుగా కనిపిస్తుంది. మొదటి ప్రూఫులో తెలుగు షీటు "అను" అనే పాత డీటీపీ ఫాంటులో ఉంది. ఆ ఫాంటు చెడ్డదని కాదు, దాని గీత వేరే కులానిది.

మండలి లాంటి సమమందపు ఫాంటు వార్తలకూ తెర మీద చదవడానికీ హాయి, ఇక్కడ పొసగదు. రామభద్ర లాంటి లావుపాటివి అసలే వద్దు. మిగిలినవి రెండు: నోటో సెరిఫ్ తెలుగు, టిరో తెలుగు. నోటోలో తొమ్మిది వెయిట్లు ఉన్నాయి, ఇంగ్లిషు నలుపుకు సరిపోయేదాకా తగ్గించుకోవచ్చు. టిరో తెలుగులో వెయిట్ ఒక్కటే, కానీ లావు సన్నాల తేడా స్పష్టంగా ఉంది. దాని పుట్టుక కూడా ఇలాంటి జోడీ కోసమే. 2015లో మొదలైన మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల్లో ఎడమ పేజీ మూల భాష, కుడి పేజీ ఇంగ్లిషు. తొలి విడతలోనే పెద్దన మనుచరిత్ర వచ్చింది. ఆ పుస్తకాల తెలుగు అక్షరం ఫియోనా రాస్, జాన్ హడ్సన్‌లది, టిరోగా ఇప్పుడు అందరికీ దొరుకుతుంది. ఎదుటి పేజీ ఇంగ్లిషు ఫాంటు పేరు ఆంట్‌వెర్ప్, ప్లాంటిన్-మోరెటస్ మ్యూజియం అక్షరాల ప్రేరణతో చేసినది. అంటే గారమాండ్ వీధిలోని సెరిఫ్ పక్కన తెలుగు ఎలా కూర్చోవాలో ఒకసారి తేల్చి చూపించేశారు. ఈ కార్డుకు టిరోనే తీసుకున్నాం.

సైజు జోడించడంలో పాయింట్ల అంకెను నమ్మకూడదు. కార్మొరాంట్ మొండెం పొట్టి కాబట్టి అదే పాయింట్లలో తెలుగు పెద్దగా అరుస్తుంది. తలకట్టుతో సహా న అక్షరం ఎత్తు, ఇంగ్లిషు చిన్న అక్షరం ఎత్తుకూ క్యాపిటల్ ఎత్తుకూ మధ్యలో పడేలా తగ్గించాలి. ఇక్కడ 18 పాయింట్ల ఇంగ్లిషు పక్కన తెలుగు 15 దగ్గర ఆగింది. తరవాత రెండు షీట్లూ గోడకు అంటించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి కళ్లు చికిలించి చూస్తే రెండు దిమ్మెల నలుపు ఒకటిగా ఉండాలి.

వరసల మధ్య దూరం రెంటికీ ఒకటి పెట్టకూడదు. ఇంగ్లిషుకు 18కి 22 (18 పాయింట్ల అక్షరానికి 22 పాయింట్ల వరస దూరం) సరిపోతుంది. తెలుగుకు కింద వత్తులు, పైన గుళ్లు. "జ్యోత్స్న" మీద వరసలో ఉండి, కింది వరసలో దాని సరిగ్గా కింద "శ్రీ" పడితే తగులుకోకూడదు. ఆ పరీక్షతో 15కి 24 తేలింది. తెలుగును ఇటాలిక్ చేసి వాలుగా పెట్టే ఉబలాటం మానుకోవాలి. టిరోలో ఇటాలిక్ ఉంది నిజమే, కానీ శుభలేఖలో మెరూన్ రంగూ సైజూ ఇచ్చే ప్రత్యేకత చాలు.

ఫైలు దగ్గర జరిగే తప్పులు

అను ఫాంటులో కొట్టిన పాఠం లోపల నిజానికి తెలుగు కోడ్ లేదు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు ఉంటాయి. ఫాంటు మార్చగానే చెత్త కనిపిస్తుంది. యూనికోడ్‌కు (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉన్న పద్ధతికి) మార్చాలి, మార్చాక వత్తులన్నీ మళ్లీ చదవాలి. "సుముహూర్తం", "ఆహ్వానం", "ద్వితీయ" అనే మూడు మాటలు ముందు చూస్తే మార్పిడి ఎంత నమ్మదగ్గదో తెలిసిపోతుంది.

పేర్లలో ఒక సూక్ష్మం. రాజ్‌కుమార్ అని ఉండాల్సింది రాజ్కుమార్ అయి కూర్చుంటుంది, జ కింద క వత్తు దిగి. పొల్లు దగ్గర కలవకుండా ఆపే కనిపించని గుర్తు కాపీ పేస్టులో పోవడమే కారణం. పెళ్లికొడుకు పేరులో ఈ తప్పు వస్తే 300 కార్డులూ చెత్తబుట్టకే. పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్‌లో పారాగ్రాఫ్ కంపోజర్‌ను వరల్డ్-రెడీకి మార్చకపోతే వత్తులన్నీ విడివిడిగా పడతాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలోనూ ఇదే సెట్టింగు వేరే పేరుతో ఉంది, వాటిలో దక్షిణాసియా భాషలున్నదాన్ని ఎంచుకోవాలి. కార్మొరాంట్ వేరియబుల్ ఫైలు (వెయిట్లన్నీ ఒకే ఫైలులో ఉన్నది) కూడా దొరుకుతుంది. ప్రెస్సుకు మాత్రం వెయిట్‌కొకటిగా విడి ఫైళ్లే వాడాలి, పాత సాఫ్ట్‌వేర్లు వేరియబుల్ ఫైలు దగ్గర తడబడతాయి.

అంకెల సంగతి మరిచిపోతారు. ఈ ఫాంటులో ఓల్డ్‌స్టైల్ అంకెలూ (చిన్న బడి అక్షరాల్లా ఎత్తు పల్లాలున్నవి) ఉన్నాయి, లైనింగ్ అంకెలూ (అన్నీ ఒకే ఎత్తువి) ఉన్నాయి. తేదీ వాక్యంలో కలిసినప్పుడు ఓల్డ్‌స్టైల్ అందం. ఫోన్ నంబర్లకు, ముహూర్తం గంటల నిమిషాలకు లైనింగ్ తప్పనిసరి. ఓల్డ్‌స్టైల్ సున్నా చిన్న బడి ఓ అక్షరంలా ఉంటుంది, నంబరు చదివేవాళ్లు తడుముకుంటారు. తెలుగు షీటులో అంకెలు ఏ ఫాంటువి రావాలో కూడా ముందే తేల్చాలి. ఇన్‌డిజైన్‌లో గ్రెప్ స్టైల్‌తో (అంకెల్ని వెతికి తనంతట తానే ఫాంటు మార్చే సెట్టింగుతో) అంకెలన్నీ ఇబి గారమాండ్‌కు కట్టేస్తే రెండు షీట్లలో తేదీ ఒకేలా కనిపిస్తుంది.

ఫోనుకు వేరే ఫైలు

అచ్చు కార్డు 300 మందికి వెళ్తే, దాని బొమ్మ వాట్సాప్‌లో అంతకు ఎన్నో రెట్లు తిరుగుతుంది. 127 మి.మీ. వెడల్పు కార్డు 1080 పిక్సెళ్లకు దిగితే ఒక పిక్సెల్ 0.118 మి.మీ. అచ్చులో బాగా వచ్చిన 0.1 గీత ఇక్కడ ఒక పిక్సెల్ కూడా కాదు, లేత బూడిద రంగు మరకవుతుంది. దాని మీద వాట్సాప్ కుదింపు. కాబట్టి ఫోను ఫైలు వేరుగా చేయాలి: పేర్లు సెమీబోల్డ్, పాఠం ఇబి గారమాండ్ మీడియం, సైజులన్నీ 25 శాతం ఎక్కువ, నేపథ్యం ఖాళీ. దంతం రంగు కాగితం గరుకును ఫొటోగా నేపథ్యంలో పెట్టొద్దు, కుదింపులో ఆ గరుకు అంతా అక్షరాల చుట్టూ మురికిగా తేలుతుంది. పీడీఎఫ్‌గా, డాక్యుమెంటుగా పంపితే కుదింపు తప్పుతుంది, కానీ అందుకున్నవాళ్లు దాన్ని బొమ్మగా ముందుకు తోస్తారు కాబట్టి బొమ్మనే బాగా చేయడం మేలు.

చివరి లెక్కలు

లోపలి ఇంగ్లిషు షీటు: ఆహ్వాన వాక్యం కార్మొరాంట్ గారమాండ్ మీడియం 18కి 22, వేదిక, సమయం, ఫోన్లు ఇబి గారమాండ్ రెగ్యులర్ 11.5కి 15. తెలుగు షీటు: టిరో 15కి 24, చిన్న వివరాలు 12కి 19. సిరా మెరూన్ ఒకటే, కోటింగ్ లేని కాగితం. కోటింగ్ లేని కాగితం సిరాను పీల్చి గీతను వెంట్రుకంత లావు చేస్తుంది. ఆ గుణం ఆఫ్‌సెట్‌లో ఈ ఫాంటుకు మిత్రుడు. పాడయ్యేవాటికి కార్డులు 335 కత్తిరించాం, ఫాయిల్ సెట్టింగుకే 20కి పైగా పోయాయి. ప్రూఫును పది రెట్ల భూతద్దంతో చూసింది మూడే చోట్ల: పేరులో చివరి ఏ (a) పొట్ట, ఆహ్వాన వాక్యంలో ఏదో ఒక ఈ (e) అడ్డగీత, తెలుగులో మొదటి క్ష.

ఇదే లెక్క ఇతర పనులకు వేస్తే ఫాంటు చోటు ఎక్కడో తెలుస్తుంది. కవితల పుస్తకం అట్ట మీద పేరు, నగల దుకాణం బోర్డు, సర్టిఫికెట్ శీర్షిక, వెబ్‌సైట్‌లో 36 పిక్సెళ్లు దాటిన హెడింగ్, నున్నటి కాగితం మీద హోటల్ మెనూలో విభాగాల పేర్లు, వీటికి ఇంత హుందాగా ఉండే ఉచిత ఫాంటు దొరకడం కష్టం. మెనూలో వంటకాల ధరలకు, దరఖాస్తు ఫారాలకు, మందుల లేబుళ్లకు, ఫ్లెక్సీ మీద కింది వరసకు వద్దు. ఫ్లెక్సీలో సైజు పెద్దదే గానీ చూసే దూరం కూడా పెద్దది, ఇరవై అడుగుల నుంచి ఆ సన్నగీత కనిపించదు. లైసెన్సు ఓపెన్ ఫాంట్ లైసెన్సు, వ్యాపార పనులకు వాడుకోవచ్చు, ఫైలును మార్చుకోవచ్చు, ఫాంటు ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు.

విజిటింగ్ కార్డు అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. పేరు 16 పాయింట్లలో మీడియంతో ఆఫ్‌సెట్ అయితే సరే. కింద 7 పాయింట్లలో ఫోను, ఈమెయిలు కూడా ఇదే ఫాంటులో కావాలంటే, 7 × 0.3528 × 0.025 అంటే 0.06 మి.మీ. అని లెక్క వేసి చూపించి, ఆ రెండు వరసలు ఇబి గారమాండ్‌లో పెట్టాలి.